వదిలేయండి అన్నదెవరు?

"వదిలేయండి."

బావ తన ఫోను బల్ల మీద పెట్టి ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ వినిపిస్తున్నాడు. వినిపించిన ప్రతిసారీ ఎదురుగా కూర్చున్న అమ్మాయి మొహం ఇంకాస్త పాలిపోతోంది. ఆ గొంతు ఆమెది.

"నీ గొంతేనా?" అని అడిగింది డిటెక్టివ్ పట్టకారు.

"నాదే. కానీ నేను అనలేదు."

"విన్నావా మరదలా," అన్నాడు బావ వెనక్కి వాలి. "గొంతు తనదేనట. మాట మాత్రం తనది కాదట. నా సర్వీసులో ఇంత తేలిక కేసు చూళ్ళేదు. కాఫీ చల్లారేలోపు తేల్చిపారేశాను."

"నువ్వు తాగేదే చల్లారిన కాఫీ కదా బావా."

డిటెక్టివ్ పట్టకారుకు ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి పారిపోతున్న దొంగ కాలరు పట్టుకుంటే, వాడు చొక్కా ఆమె చేతిలోనే విప్పేసి పరిగెత్తాడు. ఆమె పరిగెత్తలేదు. చొక్కా కుట్టిన దర్జీని పట్టుకుంది, దర్జీకి గుడ్డ అమ్మిన కొట్టును పట్టుకుంది, కొట్లో వాడి పక్కన నిలబడి రంగు ఎంచిన పిల్లను పట్టుకుంది. చివరికి వాడి పెళ్ళిలో మొదటి వరసలో కూర్చుని, ఉతికి ఇస్త్రీ చేసిన ఆ చొక్కానే కానుకగా ఇచ్చింది. వాడు ఇప్పటికీ జైలు నుంచి ఆమె ఆరోగ్యం కనుక్కుంటూ ఉంటాడు.

బావ అంటే ఆమె అక్క మొగుడు. ఆయనదీ అదే వృత్తి, కాకపోతే బోర్డు పెద్దది. ఇంట్లో, లిఫ్టులో, చీకట్లో, ఎక్కడైనా సరే నల్లకళ్ళద్దాలు తీయడు. అందువల్ల తరచుగా గోడలకు గుద్దుకుంటాడు. గుద్దుకున్న గోడను అనుమానితుల్లో చేరుస్తాడు.

ఈసారి ఇద్దరూ ఒకే కేసులో తగులుకున్నారు. బావను కంపెనీ పెట్టుకుంది. పట్టకారును, కంపెనీ తప్పంతా ఎవరి నెత్తిన రుద్దబోతోందో ఆ అమ్మాయి పెట్టుకుంది.

అది కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ. వాళ్ళ ఆటల్లోకెల్లా పేరున్నది కొండదారి మీద బస్సు నడిపే ఆట. అప్పుడప్పుడు ఆటలో మార్పులు చేసి, ఆడేవాళ్ళందరి కంప్యూటర్లకూ ఒకేసారి అప్‌డేట్ పంపిస్తుంటారు. పోయినవారం అప్‌డేట్‌తో బస్సులకు కొత్త హారన్ వచ్చింది. వచ్చిన హారన్ మళ్ళీ పోలేదు. ఒక్కసారి నొక్కితే ఇరుక్కుపోయి అదే పనిగా మోగేది. దాని వెనకే బ్రేకులు పోయేవి, బస్సు లోయలో పడేది, కంప్యూటరు ఆరిపోయేది. మళ్ళీ వెలిగిస్తే, ఏళ్ళ తరబడి నడిపి సంపాదించుకున్న బస్సు కనిపించేది కాదు. ఒకాయన ఆ మోత భరించలేక ఇల్లు ఖాళీ చేసి ఇంకో వీధిలో అద్దెకు దిగాడు. ఆ ఇంటి ఓనరు కూడా అదే ఆట ఆడతాడని సామాన్లు దించాక తెలిసింది.

బయటికి వెళ్ళే ప్రతి అప్‌డేట్‌నూ ముందుగా పరీక్షించి తప్పులు ఏరే పని ఈ అమ్మాయిది. ఆఫీసంతా ఆమెను జల్లెడ అంటారు. ఒకసారి ఆటలో జోరున వాన కురుస్తుంటే, అందులో ఒక్క చినుకు కిందికి రాకుండా పైకి పోతోందని కనిపెట్టి ఆపించిన మనిషి. అలాంటి జల్లెడలోంచి బస్సుకు బస్సే జారిపోయిందని కంపెనీ అంటోంది. ఆ మాట సాయంత్రం విలేకరులను పిలిచి, ఆమె ఫోటో చూపించి మరీ చెప్పబోతున్నారు. చెప్పాక ఈ వృత్తిలో ఆమెను గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు ఉండరు.

ఇంట్లో తీర్పు అప్పుడే వచ్చేసింది. ఆమె మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. రోజూ ఆ ఆటలో బస్సు నడుపుకుని, దిగి, చేతులు కడుక్కుని భోజనానికి వచ్చేవాడు. బస్సు పోయిన దగ్గర్నుంచి కోడలితో మాట మానేశాడు. ఏం కావాలన్నా గోడ గడియారంతో చెప్తున్నాడు. "గడియారమా, నా బస్సు మింగిన కోడలికి తీరికైతే కాస్త టీ పెట్టమను."

పట్టకారు కుర్చీ ముందుకు లాక్కుని, గోడ దగ్గర నిలబడ్డ మనిషి వైపు తిరిగింది.

ఆయన పేరు ఆఫీసులో గేటు. ఆ పేరు వెనక ఓ పద్ధతి ఉంది. కంపెనీ యజమాని పెద్దాయనకు బటన్లంటే భయం. వెనకటికి ఆయన కునుకు తీస్తుంటే మోచెయ్యి ఏదో బటన్ మీద పడి, సగం తయారైన ఆటొకటి లోకం మీదికి వెళ్ళిపోయింది. అందులో గుర్రాలకు ఇంకా కాళ్ళు పెట్టలేదు. ఆనాటి నుంచి బటన్ల మీద నమ్మకం పోయిందన్నాడు. ఇప్పుడు పై అంతస్తులో పరీక్ష గదిలోంచి జల్లెడ ఇంటర్‌కామ్‌లో నోటితో చెప్పాలి. కింద ఈ గదిలో గేటు విని, గోడకున్న ఇనప హ్యాండిల్‌ని రెండు చేతులా కిందికి లాగాలి. లాగితే అప్‌డేట్ లోకమంతా పోతుంది. ఇంటర్‌కామ్‌లో చెప్పిన ప్రతి మాటా రికార్డవుతుంది.

"ఆరోజు ఎప్పుడు లాగావు?" అడిగింది పట్టకారు.

"భోజనాల టైంలో మేడమ్. అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇంటర్‌కామ్ మీద పరీక్ష గది బల్బు వెలిగింది, మాట వినపడింది. ముద్ద నమిలేదాకా కూడా ఆగలేదు. డ్యూటీ అంటే డ్యూటీ."

"మామూలుగా ఈ అమ్మాయి ఏమంటుంది?"

"బాగుంటే వదలండి అంటుంది. బాగాలేకపోతే ఆపండి అంటుంది."

"ఆరోజేమంది?"

"వదిలేయండి అంది."

"తేడా అనిపించలేదా?"

గేటు హ్యాండిల్ వైపు చూశాడు. "వదలండి అన్నా, వదిలేయండి అన్నా హ్యాండిల్ ఒకటేగా మేడమ్."

"మాట ఒకటి కాదు. బాణం వదలండి అంటే కొట్టమని. ఆ గొడవ వదిలేయండి అంటే పట్టించుకోవద్దని."

"బాణం వదిలేయండి అన్నా కొట్టమనే," అన్నాడు బావ. "మరదలా, ఇక్కడ జరుగుతున్నది నేరపరిశోధన. తెలుగు పరీక్ష కాదు."

"బాణాన్నో గొడవనో తేలాలిగా బావా. దేన్ని వదిలేయమందో ఆ ముక్క ఈ రికార్డులో లేదు." ఆమె ఫోను తీసుకుని చెవికి ఆనించుకుంది. మళ్ళీ విని, కనుబొమలు ముడిచింది. "అసలు మాటకు ముందు చిన్న తోక ఉంది. 'ను' అన్నట్టు. 'ను వదిలేయండి.' వెనకాల ఏదో మోత కూడా ఉంది."

"రోడ్డు మీద హారన్," అన్నాడు బావ. "రిపోర్టులో రాశాను. నేనేదీ వదలను."

"ఆరోజు భోజనాల టైంలో నువ్వెక్కడున్నావు?" అని జల్లెడను అడిగింది పట్టకారు.

"క్యాంటీన్లో. ఎవరూ సాక్ష్యం చెప్పరు. అక్కడ అందరూ ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటారు. పైకొచ్చేసరికి అప్‌డేట్ పోయింది. నేనింకా దాన్ని చూడటం పూర్తే చెయ్యలేదు."

పట్టకారు లేచింది. "పరీక్ష గది చూపించు."

"నేను చూసేశాను," అన్నాడు బావ. "అక్కడేం లేదు."

"కళ్ళద్దాలతోనా?"

బావ వెంట నడిచాడు. మెట్ల దగ్గర ఒక స్తంభం ఆయనకు అడ్డం వచ్చింది. స్తంభానిదే తప్పు.

పరీక్ష గది ముందు వసారాకి పెద్ద కిటికీ ఉంది. బార్లా తెరిచి ఉంది. కింద రోడ్డు మీద లారీలు, బస్సులు, మోటారుసైకిళ్ళు ఒకదాన్నొకటి హారన్లతో తిట్టుకుంటున్నాయి. గది తలుపు చెక్కకు మధ్యలో చిన్న గాజు పలక.

"బావా, ఒక సాయం చెయ్యి. లోపలికెళ్ళి తలుపేసుకుని గట్టిగా అరువు."

"ఎందుకు?"

"నీ గొంతు గొప్పదని అక్క ఎప్పుడూ చెప్తుంది. విందామని."

బావ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. గాజులోంచి చూస్తే ఆయన నోరు తెరవడం, మెడనరాలు ఉబ్బడం, చేతులు గాల్లో తిరగడం కనిపించాయి. ఒక్క ముక్క బయటికి రాలేదు. ఆయన చాలా నిజాయితీగా అరుస్తున్నాడు. పట్టకారు ఆ దృశ్యాన్ని అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే పరిశీలించింది. జల్లెడ ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

తలుపు తీసేసరికి బావ గొంతు బొంగురుపోయింది. "వినపడిందా?"

"అది తర్వాత. నువ్వు అరవడం ఆపి ఊపిరి పీల్చుకున్నప్పుడు నీకు రోడ్డు మీద హారన్లు వినిపించాయా?"

"ఎక్కడ వినిపిస్తాయి? లోపల గోడల నిండా స్పాంజి ఉంది. కిటికీ లేదు. చీమ చిటుక్కుమన్నా..." బావ ఆగిపోయాడు. కళ్ళద్దాల వెనక ఏదో కదిలింది.

"నీ రిపోర్టులో రోడ్డు హారన్ అని రాశావు," అంది పట్టకారు చాలా మర్యాదగా.

బావ దగ్గాడు. "ఆటలో హారన్ అయ్యుంటుంది. కంప్యూటర్లోంచి."

జల్లెడ తల అడ్డంగా ఊపింది. గోడకు మేకులకు వేలాడుతున్న హెడ్‌ఫోన్లు చూపించింది. బల్లల మీద ఒక్క స్పీకరు కూడా లేదు. "ఇక్కడ ఏ ఆట ఆడినా చెవుల్లోనే. పక్కవాళ్ళకు కూడా వినపడదు. ఇంటర్‌కామ్‌లోకి పోయే మాటే లేదు."

పట్టకారు ఒక హెడ్‌ఫోన్ అందుకుని బావ ఫోనుకు తగిలించి, జల్లెడ చెవులకు పెట్టింది. "మాట వినకు. వెనకాల మోత ఒక్కటే విను. నీ పని నువ్వు చెయ్యి."

జల్లెడ కళ్ళు మూసుకుంది. పైకి పోతున్న చినుకును పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే ఊపిరి బిగబట్టి ఉంటుంది. కాసేపటికి ఆమె మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"ఇది రోడ్డు హారన్ కాదు. మన బస్సు హారన్. అదీ మామూలుగా మోగట్లేదు, ఇరుక్కుపోయింది."

"అంటే?"

"అప్‌డేట్ బయటికి పోకముందే ఎక్కడో ఎవరి దగ్గరో అది చెడిపోయి మోగింది. అప్పుడు నేను మాట్లాడిన మాట ఇది." ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. "గుర్తొచ్చింది. అప్‌డేట్ పోయేముందు రోజు, మా పెద్దాయన అల్లుడుగారి గది. ఆయన పెద్ద స్పీకర్లు పెట్టి హారన్ వినిపిస్తుంటే ఇరుక్కుపోయింది. వైరు లూజై ఉంటుంది, ఓకే చెప్పెయ్యమ్మా అన్నారు. వైరు కాదండీ, ఆటలోనే తప్పుంది, నేను కనుక్కుని చెప్తాను, అందాకా నన్ను వదిలేయండి అన్నాను."

"నన్ను వదిలేయండి," అంది పట్టకారు. "తోక దొరికింది బావా."

ఆ మాటను ఎవరో రికార్డు చేసుకుని, ముందు ముక్క కోసేసి, జల్లెడ అన్నానికి వెళ్ళిన టైం చూసి ఇదే గదిలోంచి ఇంటర్‌కామ్‌కు వినిపించారు. 'నన్' తెగింది, 'ను' మిగిలింది.

"అల్లుడుగారు ఏమన్నారు అప్పుడు?"

"సరేలెమ్మా, చూడు అన్నారు. ఆయన మంచివారే."

"మంచివాళ్ళ మీదే నాకు అనుమానం," అన్నాడు బావ, తన పక్షం అప్పటికప్పుడు మార్చేస్తూ. "నేను మొదట్నుంచీ అల్లుడి మీదే కన్నేసి ఉంచాను. ఆ గదిలో ఇంకెవరున్నారు?"

"పెద్దాయన. కుర్చీలో నిద్రపోతున్నారు."

"ఆయన సంగతి వదిలెయ్. ఆయన నిద్ర లేచి నన్ను పెట్టుకోవడమే గొప్ప."

పట్టకారు చూపు ఒక్క క్షణం బావ మీద నిలిచింది. "నిన్ను పెట్టుకున్నది పెద్దాయనా?"

"మరి? ఉన్నవాళ్ళలో నువ్వే కావాలి అన్నారు."

"అన్నారా," అంది పట్టకారు. ఆ మాటకు అర్థం బావకు అప్పుడు తట్టలేదు. "అయితే అల్లుడుగారి గదికి పోదాం. అక్కడ నేనేం చెప్పినా నువ్వు అడ్డం రాకు."

"కేసు నాది."

"నేను చెప్పింది తప్పయితే నా బోర్డు దించేస్తాను. ఒప్పయితే నీ కళ్ళద్దాలు నాకిచ్చెయ్యి."

బావ ఆలోచించాడు. ఆ కళ్ళద్దాలు లేకుండా ఆయన్ని పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు. "సరే," అన్నాడు.

పోతూ పోతూ పట్టకారు జల్లెడను పక్కకు తీసుకెళ్ళింది. "సరిచేసిన కొత్త అప్‌డేట్ పొద్దున నీకే ఇచ్చారట కదా?"

"అవును. సాయంత్రం నన్ను తీసేస్తారు, మధ్యాహ్నందాకా పరీక్ష చేసి పెట్టమన్నారు."

"తప్పులున్నాయా?"

"హారన్ బాగైంది. తలుపులు చెడ్డాయి. బస్సు ఆగితే తలుపు తెరుచుకోవట్లేదు. కిటికీల్లోంచి దూకుతున్నారు జనం. దూకినవాళ్ళు మళ్ళీ టిక్కెట్టు అడుగుతున్నారు. నాలుగు స్టాపులు దాటితే కంప్యూటర్ ఆరిపోతోంది."

"చాలా మంచి వార్త," అంది పట్టకారు.

అల్లుడుగారి గదిలో స్పీకర్లు బీరువాలంత ఉన్నాయి. వాటి ధాటికి పైకప్పు సున్నం రాలి, అల్లుడుగారి జుట్టు అకాలంగా నెరిసినట్టు కనిపిస్తోంది. ఆయన కంపెనీలో అన్ని ఆటలకూ పెద్ద. పెద్దాయన కూతురి మొగుడు కాబట్టి వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. కానీ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో పెద్దాయన కూర్చుని, గడ్డం గుండెలకు ఆనించి నిద్రపోతున్నాడు. అల్లుడుగారు పక్కన పొట్టి పీట మీద, మోకాళ్ళు బల్లకు కొట్టుకుంటూ పని చేసుకుంటున్నాడు.

"కుర్చీ లేదాండీ?" అడిగింది పట్టకారు.

"ఉందిగా," అన్నాడు అల్లుడుగారు గొంతు తగ్గించి, పెద్దాయన్ని చూపిస్తూ. "వచ్చేవారం అది నాకు అప్పగిస్తామన్నారు. కంపెనీ, కుర్చీ అన్నీ. ఈ హారన్ గొడవతో ఆగింది. ఇలాంటివి జరిగేచోట కుర్చీ ఎలా ఇస్తానోయ్ అన్నారు. ఆయన మాటా నిజమే."

గురక గడియారంలా నడుస్తోంది. పైకి, కిందికి, మధ్యలో చిన్న ఈల.

పట్టకారు స్పీకర్లకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది. "మీకు చెప్పిపోదామని వచ్చాం. మా అమ్మాయికి కొత్త అప్‌డేట్‌లో కూడా తప్పు దొరికింది. తలుపులు తెరుచుకోవట్లేదట. ఇప్పుడు క్యాంటీన్‌కు పోయి అన్నం తినొచ్చి, గేటుకు ఆపండి అని చెప్పేస్తుంది."

"అయ్యో, మళ్ళీనా?" అల్లుడుగారు పీట మీద నుంచి సగం జారాడు. "మంచిదే అయిందిలెండి. పోకముందే దొరికింది. ఇది కూడా చెడిపోయి బయటికి పోయుంటే నేనిక ఈ గుమ్మంలోకి రాకపోదును."

గురక ఒక్కసారి తడబడి, మళ్ళీ అందుకుంది.

"మా మరదలికి కొంచెం గొంతెక్కువ," అని బావ క్షమాపణ చెప్పాడు. బయటికొచ్చాక ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "చూశావా ఆయన జారడం? నేరం చేసినవాడే జారతాడు. ఇప్పుడు అన్నాల టైంలో పరీక్ష గదిలోకి పోయి అదే రికార్డు మళ్ళీ వేస్తాడు. మనం తలుపు దగ్గర పొంచి ఉందాం."

"వద్దు. నువ్వు పొంచి ఉంటే వసారాలో అందరికీ కనిపిస్తావు. గేటు గదిలో కూర్చుందాం. మాట అక్కడికే కదా రావాలి."

గేటు గదిలో నలుగురూ కూర్చున్నారు. గేటు డబ్బా విప్పి, అలవాటు కొద్దీ అందరికీ ఒక్కో ముద్ద ఇవ్వబోయి, ఎవరూ తీసుకోకపోతే తనే తిన్నాడు. జల్లెడ పట్టకారు పక్కన కూర్చుంది.

"మాట రాకపోతే?" అంది నెమ్మదిగా.

"వస్తుంది."

"రాకపోతే సాయంత్రం నా ఫోటో..."

"వస్తుందమ్మా. నేనింతవరకూ పొరపాటు పడలేదు. అప్పుడప్పుడు నిజాలే కొంచెం ఆలస్యంగా వచ్చి నన్ను కలుసుకున్నాయి."

బావ అల్లుడుగారిని నిలదీయడానికి కావలసిన వాక్యాన్ని మనసులో దిద్దుకుంటున్నాడు. దిద్దిన కొద్దీ అందులో ఆయన గొప్పతనం పెరిగిపోతోంది.

ఇంటర్‌కామ్ మీద చిన్న బల్బు వెలిగింది. పరీక్ష గదిది.

"ను వదిలేయండి."

గొంతు జల్లెడది. జల్లెడ పక్కనే కూర్చుని ఉంది, పెదాలు బిగించుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా. బావ ఇంటర్‌కామ్‌ని చూశాడు, జల్లెడను చూశాడు, మళ్ళీ ఇంటర్‌కామ్‌ని చూశాడు.

ఈ మధ్యలో గేటు లేచాడు. నోట్లో ముద్ద ఉంది, మాట వినపడింది, ఇన్నేళ్ళ అలవాటు ఆయన్ని నడిపించింది. రెండు చేతులూ హ్యాండిల్ మీద పడ్డాయి. ఇంకొక్క ఊపు ఊపితే తలుపులు తెరుచుకోని బస్సులు లోకమంతా పరిగెత్తి, ఈసారి రెండు తప్పులూ జల్లెడ ఖాతాలో పడేవి.

హ్యాండిల్ కదల్లేదు. గేటు మణికట్టును ఏదో పట్టుకుంది. అది దొంగ చొక్కా కాలరును పట్టుకున్న చెయ్యే.

"మేడమ్, డ్యూటీ," అన్నాడు గేటు, నొప్పితో.

"నా కుర్చీ పక్కకు చూడు. నీకు వదలండి అని చెప్పాల్సిన మనిషి ఎక్కడుంది?"

గేటు తల తిప్పి జల్లెడను చూశాడు. ముద్ద మింగాడు. మొహం ఎర్రబడింది. "అంటే పోయినవారం కూడా ఈ అమ్మాయి కాదా?"

"కాదు," అంది జల్లెడ. వారం రోజులుగా అనాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

"నేను సాక్ష్యం చెప్తానమ్మా," అన్నాడు గేటు. "ఎవరడిగినా చెప్తాను. విలేకరుల ముందు చెప్తాను."

బావ ఠీవిగా లేచాడు. "ఇక నాకు వదిలేయండి. పరీక్ష గదిలో దొరికిపోయినవాడు ఎవరో కాదు, పీట మీద కూర్చుని కుర్చీ మీద కన్నేసిన..."

తలుపు తెరుచుకుంది. అల్లుడుగారు లోపలికొచ్చాడు. చేతిలో మంచినీళ్ళ సీసా, జుట్టు మీద సున్నం.

"అమ్మాయ్, నువ్విక్కడున్నావా? క్యాంటీన్లో వెతికొచ్చాను. ఆ తలుపుల తప్పు ఏ స్టాపు దగ్గర మొదలవుతోందో చెప్తే మావాళ్ళు ఇప్పుడే సరిచేస్తారు."

పరీక్ష గది బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. బావ వేలు సగం దారిలో, గాల్లో ఆగిపోయి ఉంది.

"ను వదిలేయండి," అంది ఇంటర్‌కామ్ మళ్ళీ, కొంచెం విసుగ్గా అనిపించేంత తొందరగా.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు అల్లుడుగారు.

"మీ మామగారు ఏం చేస్తున్నారండీ?" అడిగింది పట్టకారు.

"కుర్చీలో పడుకుని..." అల్లుడుగారు ఆగాడు. "లేరండోయ్. నేను వచ్చేటప్పుడు కుర్చీ ఖాళీగా ఉంది. బాత్రూమ్‌కేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా పెళ్ళయ్యాక ఆ కుర్చీ ఖాళీగా చూడటం ఇదే మొదలు."

పట్టకారు వెలుగుతున్న బల్బు వైపు తిరిగింది.

"బటన్లంటే భయమన్న మనిషి," అంది పట్టకారు మెల్లగా. "భయమైతే తాళం వేసుకుంటాడు. నోటిమాట పద్ధతి ఎందుకు పెడతాడు? నోటిమాటనైతే రికార్డు చేసి మళ్ళీ వేసుకోవచ్చని. హారన్ మోగినప్పుడు ఆ గదిలో అల్లుడూ ఈ అమ్మాయీ కాక ఉన్నది, నిద్రపోతున్న పెద్దాయనొక్కడే. నా మాట విని గురక తడబడిందీ ఆయనదే. అల్లుడి మొదటి అప్‌డేట్ చెడిపోతే కుర్చీ ఇవ్వడం ఆగింది. రెండోదీ చెడిపోతే ఇక ఎప్పటికీ ఇవ్వక్కర్లేదు. తప్పు ఈ అమ్మాయిది, పరువు అల్లుడిది, కుర్చీ ఆయనది. కేసు ఎవరికిచ్చాడంటే, నల్లకళ్ళద్దాల మనిషికి."

బావ కళ్ళద్దాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళు చిన్నవిగా, చాలా మామూలుగా ఉన్నాయి.

"అక్కకు చెప్పకు," అన్నాడు.

"ఆలోచిస్తాను."

అల్లుడుగారు నేల మీదే కూర్చుండిపోయాడు. పీటకు అలవాటుపడిన మనిషికి అది పెద్ద దూరం కాలేదు. పట్టకారు జల్లెడ భుజం మీద చెయ్యేసింది. "సాయంత్రం విలేకరులకు గేటు చెప్తాడు. మీ ఇంటికొచ్చి ఆ గడియారానికి నేను చెప్తాను."

అప్పుడామె ఇంటర్‌కామ్ దగ్గరికి వంగి మీట నొక్కింది.

"పెద్దాయనా. మా అమ్మాయి మాట మీరు చాలాసార్లు వినిపించారు. ఇప్పుడు నాదొకటి వినండి. ఆ కుర్చీ వదిలేయండి."

అవతల ఏమీ కదల్లేదు. కాసేపు ఒట్టి గరగర. తర్వాత పరీక్ష గదిలోంచి, పైకి, కిందికి, మధ్యలో చిన్న ఈలతో, గురక మొదలైంది.

జల్లెడ కళ్ళు మూసుకుని విన్నది.

"ఆలస్యంగా మొదలైంది," అంది. "నేనైతే దీన్ని వదలను."